ఇంట్లో సరిపడా తిండి లేని బడిపిల్లలను గుర్తించడం, ఆదుకోవడం ఎలా?

మధ్యాహ్న భోజనం ఉండగా బడికి వచ్చే పిల్లలు ఇంకా ఆకలితో ఎందుకు ఉంటారు, అటువంటి వారిని ఎలా కనిపెట్టాలి, కనిపెట్టిన తరువాత ఎవరి దగ్గరకు వెళ్లాలి అని తిరుపతి, చిత్తూరు జిల్లాల ఉపాధ్యాయులు, స్కూల్ కమిటీ సభ్యులు, బడి పక్కన కాపురం ఉండే గృహిణులు పదే పదే అడుగుతున్నారు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పిన సమాధానాలను వరుసలో పెట్టి ఇక్కడ రాస్తున్నాను. ఇది ప్రధానంగా తరగతి ఉపాధ్యాయుల కోసం రాసినది. అయితే 4వ మెట్టు నుంచి చెప్పినవి ఎవరైనా చేయగలిగినవే.

ముందుగా ఒక లెక్క చూడండి. మధ్యాహ్న భోజనానికి కేంద్రం నిర్ణయించిన ప్రమాణం ప్రాథమిక తరగతుల పిల్లలకు 100 గ్రాముల బియ్యంతో 450 కిలో క్యాలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు. 6 నుంచి 8 తరగతుల వారికి 150 గ్రాముల బియ్యంతో 700 కిలో క్యాలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు. ఏడు నుంచి తొమ్మిదేళ్ల బిడ్డకు రోజుకు సుమారు 1,700 కిలో క్యాలరీలు కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పింది. అంటే బడి భోజనం ఎంత బాగున్నా రోజులో నాలుగో వంతుకు కొంచెం పైన మాత్రమే తీరుస్తుంది. మిగిలినది ఉదయం, రాత్రి ఇంట్లో దొరకాలి. ఆదివారాల్లో, సెలవుల్లో మొత్తం ఇంట్లోనే దొరకాలి. కాబట్టి భోజనాల గంటలో కంచాలు చూసి అందరూ తింటున్నారని నిశ్చింతగా ఉండడం సరికాదు. బడి వంట లేని పూటల్లోనే ఆకలి ఉంటుంది. మనం వెతకవలసినదీ అక్కడే.

దగ్గర ఉంచుకోవలసినవి

ఒక చిన్న నోటు పుస్తకం తీసుకోండి. అందులో పిల్లల పేర్లు రాయకుండా అడ్మిషన్ నంబరు మాత్రమే రాయండి, దాన్ని బీరువాలో తాళం వేసి ఉంచండి. బరువు చూసే యంత్రం ఒకటి కావాలి. బడిలో లేకపోతే అంగన్‌వాడీ నుంచి గాని, ఆరోగ్య ఉపకేంద్రం నుంచి గాని నెలకు ఒక రోజు అడిగి తెచ్చుకోవచ్చు. బిస్కెట్లు కాకుండా ఆకలి తీర్చే పదార్థం కొంత, అంటే వేయించిన చెనక్కాయ గింజలు, బెల్లం, బొరుగులు, గట్టి మూత ఉన్న డబ్బాలో ఎప్పుడూ ఉండాలి. గ్రామ లేదా వార్డు సచివాలయం వెల్ఫేర్ అసిస్టెంటు, ఏ.ఎన్.ఎం., అంగన్‌వాడీ టీచరు, రేషన్ డీలరు ఫోన్ నంబర్లు రాసి పెట్టుకోండి. పిల్లల సహాయవాణి 1098, పౌరసరఫరాల శాఖ నంబరు 1967. వీటన్నింటికంటే ముఖ్యం, మీతో కలిసి పనిచేసే మరొక పెద్ద మనిషి. బడి వంట చేసే అమ్మ అయితే మరీ మంచిది, ఎందుకంటే ఏ బిడ్డ ఏ రోజు ఎంత తింటాడో ఉపాధ్యాయులకంటే ఆమెకే బాగా తెలుసు.

1వ మెట్టు: సరైన రోజుల్లో గమనించండి

కనీసం రెండు వారాలు ఎవరినీ ఏమీ అడగకుండా చూడండి. అన్ని రోజులూ ఒకటి కావు. సోమవారం ఉదయం, పండుగ సెలవుల తరువాత మొదటి రోజు, నెలలో చివరి పది రోజులు చాలా విషయాలు చెబుతాయి.

నెలాఖరు ఎందుకంటే, రేషన్ బియ్యం మనిషికి నెలకు 5 కిలోలు, అంటే రోజుకు 170 గ్రాములు కూడా కావు. నలుగురున్న ఇంటికి వచ్చే 20 కిలోలు, పూటకు 600 గ్రాముల చొప్పున రెండు పూటలు వండుకున్నా పదిహేడో రోజుకు అయిపోతాయి. ఆ తరువాత బియ్యం కొనుక్కోవాలి. ఆ వారం కూలి దొరకకపోతే వంటలో కోత పడుతుంది.

ఈ ప్రాంతానికి సంబంధించిన మరో సంగతిని కూడా గుర్తు పెట్టుకోండి. తిరుపతి నగరంలో చాలామంది తల్లులు లాడ్జీల్లో గదులు ఊడ్చే పనిలో, హోటళ్ల వంటిళ్లలో, పూలు కట్టే పనిలో ఉంటారు. బ్రహ్మోత్సవాలు, దసరా సెలవులు, వైకుంఠ ఏకాదశి, వేసవి సెలవులు వచ్చాయంటే యాత్రికుల రద్దీ పెరిగి ఆ తల్లులకు తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా పని ఉంటుంది. అంటే బడి మూతపడి మధ్యాహ్న భోజనం లేని రోజుల్లోనే ఇంట్లో వండే మనిషి కూడా ఉండదు. పల్లెల వైపు మామిడి కోతలు, గుజ్జు ఫ్యాక్టరీల పని మే నుంచి జూలై దాకా ఉండి, ఆ తరువాత కూలి పడిపోతుంది. ఇటుక బట్టీలకు కుటుంబంతో వెళ్లి తిరిగి వచ్చిన పిల్లల సంగతి మరీ చూసుకోవాలి, వారికి అడ్వాన్సు అప్పు కూడా తోడై ఉంటుంది.

చూడవలసిన గుర్తులు ఇవి. పది, పదకొండు గంటల మధ్య కడుపు నొప్పి, తల నొప్పి అని చెప్పి భోజనం తరువాత మామూలుగా ఆడుకోవడం. ప్రార్థనలో కళ్లు తిరగడం. రాగి జావ ఇచ్చే రోజుల్లో మాత్రం అందరికంటే ముందుగా రావడం. సోమవారం రెండోసారి, మూడోసారి అన్నం పెట్టించుకోవడం. గుడ్డును, చిక్కీని తినకుండా జేబులోనో సంచిలోనో దాచుకోవడం. ఈ చివరి దాన్ని దొంగతనంగా ఎప్పుడూ లెక్కించకండి. దాదాపు ప్రతిసారీ ఇంట్లో ఒక చిన్న తమ్ముడో చెల్లెలో ఉంటారు.

2వ మెట్టు: మోసం చేసే గుర్తులను పక్కన పెట్టండి

సన్నగా ఉన్న ప్రతి బిడ్డ తిండి లేని బిడ్డ కాదు, ఒళ్లు ఉన్న ప్రతి బిడ్డ కడుపు నిండినదీ కాదు. రోజూ ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్టు మీద గడిపే బిడ్డ చూడడానికి బాగానే ఉండవచ్చు. చిరిగిన యూనిఫాం పేదరికానికి గుర్తు కావచ్చు గాని ఆకలికి కొలత కాదు. శుభ్రంగా తల దువ్వి పంపే తల్లి తాను పస్తుండి పంపుతూ ఉండవచ్చు.

అందుకే బరువు చూడండి. నెలకు ఒకసారి, ఒకే యంత్రం మీద, చెప్పులు తీసి, భోజనానికి ముందు చూసి రాయండి. అందరినీ చూడాలి, అనుమానం ఉన్న నలుగురినే పిలిస్తే ఆ నలుగురూ మిగతా పిల్లల కళ్లలో పడతారు. అంకెను బిగ్గరగా చదవకండి. ఆరు నుంచి పదేళ్ల బిడ్డ మామూలుగా ఏడాదికి రెండు, మూడు కిలోలు పెరగాలి. ఒక నెలలో పెరగకపోతే కంగారు పడనక్కర లేదు. మూడు నెలలు వరుసగా కదలకపోతే గాని, ఉన్న బరువు తగ్గితే గాని అది గట్టి హెచ్చరిక. తగ్గినట్టు కనబడితే ముందు యంత్రాన్ని అనుమానించి, మీరు ఎక్కి సరిచూసుకుని, మరుసటి రోజు మళ్లీ తూయండి.

నులిపురుగులు, క్షయ, మధుమేహం వంటి జబ్బులు కూడా బిడ్డను చిక్కిపోయేలా చేస్తాయి. బాగా తింటూ, ఎక్కువగా నీళ్లు తాగుతూ, తరచూ మూత్రానికి వెళుతూ చిక్కిపోతున్న బిడ్డను తిండి సమస్య అనుకుని ఆపకుండా అదే రోజు వైద్యుని దగ్గరకు పంపాలి.

3వ మెట్టు: బిడ్డతో మాట్లాడండి

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. "మీ ఇంట్లో తిండి ఉందా?" అని సూటిగా అడిగితే ఎనిమిదేళ్ల బిడ్డ కూడా తల్లి పరువు కాపాడడానికి ఉందనే చెబుతుంది. అడగవలసినది తిండి గురించి కాదు, నిన్నటి రోజు గురించి. ఒంటరిగా, కాని తలుపు తెరిచి ఉన్న చోట, ఏదో పని చేయిస్తూ, పుస్తకాలు సర్దిస్తూనో మొక్కలకు నీళ్లు పోయిస్తూనో మాట్లాడండి.

"నిన్న బడి నుంచి ఇంటికి పోయినాక ఏం చేసినావు నాయనా?" అని మొదలుపెట్టండి. తరువాత "అప్పుడు ఇంట్లో ఎవరున్నారు?", "దీపాలు పెట్టేసరికి ఎవరు వచ్చారు?", "రాత్రి అన్నం ఎవరు వండినారు, దాంట్లోకి ఏం చేసినారు?", "పొద్దున లేచినాక బడికి వచ్చేదాకా ఏం చేసినావు?" అని వరుసగా నడిపించండి. ఇదే సంభాషణను ఒక సోమవారం ఆదివారం గురించి చేయండి. బిడ్డ చెప్పిన దానిలో ఏ పూట దాటిపోయిందో మీకు తెలిసిపోతుంది.

సమాధానాలలో కొన్ని మాటలను జాగ్రత్తగా వినండి. "ఆకలి కాలేదు సార్" అనే మాట రోజూ ఉదయం వినబడితే అది ఆకలి లేకపోవడం కాదు. "అమ్మ తర్వాత తింటానన్నది" అంటే అమ్మ తినలేదని అర్థం కావచ్చు. "అవ్వ ఇంటికి పోయి తిన్నాము" అనేది నెలాఖరులో మాత్రమే వస్తుంటే తేదీ రాసుకోండి.

బిడ్డ ఏడిస్తే ఆపేయండి. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకండి, ఎందుకంటే మీరు చెప్పవలసి రావచ్చు. "నీకు మంచి జరిగేదానికి కావలసిన వాళ్లకే చెబుతాను" అనండి. రేపటి నుంచి అన్నీ తెచ్చి ఇస్తానని కూడా అనకండి.

4వ మెట్టు: ఇంటికి వెళ్లండి

ఫోను చేసి తల్లిని బడికి పిలిపించడం కంటే ఇంటికి వెళ్లడం మేలు, ఎందుకంటే పిలిపించారంటే ఆ పూట కూలి పోతుంది. సాయంత్రం పని నుంచి వచ్చిన తరువాత, అంగన్‌వాడీ టీచరుతోనో ఆశా కార్యకర్తతోనో కలిసి వెళ్లండి. హాజరు గురించో తల్లికి వందనం పథకం వివరాల గురించో మాట్లాడడానికి వచ్చామని మొదలుపెట్టవచ్చు, అది అబద్ధం కాకుండా నిజంగా ఆ సంగతి కూడా మాట్లాడి రండి. వంటింట్లోకి తొంగి చూడకండి. ఇచ్చిన కాఫీ తాగండి, కాదనకండి.

అడగవలసినవి నాలుగే: పనులు ఎలా నడుస్తున్నాయి, స్టోరు బియ్యం ఎన్ని రోజులు వస్తున్నాయి, పొద్దున ఎన్ని గంటలకు పనికి పోతారు, ఇంట్లో చిన్నపిల్లలు, గర్భిణులు, మంచం పట్టిన వారు ఎవరైనా ఉన్నారా. "బిడ్డకు పెట్టడం లేదట" అనే ధోరణి మాటలో ఎక్కడా రాకూడదు. "అక్కా, పిల్లోడు చురుకైనవాడు, పొద్దున పూట కొంచెం నీరసంగా ఉంటున్నాడు, మనమంతా ఏం చేయగలమో చూద్దామని వచ్చినాము" అంటే తలుపు మూసుకోదు.

5వ మెట్టు: ఏ రకం కొరతో తేల్చండి

సహాయం దారి తప్పేది ఈ మెట్టు దాటవేసినప్పుడే. బయటికి ఒకేలా కనిపించే ఆకలి వెనుక వేర్వేరు కారణాలు ఉంటాయి, ఒకదానికి పనికొచ్చేది మరొక దానికి పనికిరాదు.

ఇంట్లో సరుకే లేని కుటుంబం ఒకటి. ఇక్కడ రేషన్, పింఛను, సరుకుల సాయం పనిచేస్తాయి.

సరుకు ఉంది, వండే మనిషి లేదు అనే ఇల్లు మరొకటి. తల్లి నాలుగు గంటలకే లాడ్జికి వెళ్లిపోతుంది, తండ్రి కారు తోలడానికి వెళ్లి రెండు రోజులకు గాని రాడు. ఇటువంటి ఇంటికి పాతిక కిలోల బియ్యం మూట ఇచ్చినా ఆ బిడ్డ ఉదయం ఆకలి తీరదు. కావలసినది బడిలో ఉదయపు జావ, లేదా పక్కింటి అవ్వ చేతి రాగి సంగటి, లేదా రాత్రి అన్నంలో నీళ్లు పోసి ఉంచే అలవాటు.

పాలు ఉండి కూడా బిడ్డకు చేరని ఇళ్లు చిత్తూరు పల్లెల్లో చాలా ఉన్నాయి. రెండు ఆవులు ఉంటాయి, ఉదయం సాయంత్రం పాలన్నీ డెయిరీకి పోతాయి, ఆ డబ్బు దాణాకూ ఆవు అప్పుకూ సరిపోతుంది, ఇంట్లో పిల్లలు పాలు లేని కాఫీ తాగి బడికి వస్తారు. అటువంటి తల్లితో పూటకు ఒక గ్లాసు పక్కకు తీయమని మాట్లాడడం సరుకులు ఇవ్వడం కంటే ఎక్కువ పనిచేస్తుంది.

బడిలో అన్నం ఉన్నా తినని బిడ్డ వేరు. రుచి నచ్చక కావచ్చు, వరుసలో ఎవరో దూరంగా కూర్చోమని అని ఉండవచ్చు. కులం పేరుతో పంక్తి వేరయిందని తెలిస్తే దాన్ని ఆ రోజే ప్రధానోపాధ్యాయులు సరిచేయాలి, ఉపాధ్యాయులు అదే పంక్తిలో కూర్చుని తినాలి.

ఇక తాగుడు, కొట్టడం, ఆడపిల్లకు మిగిలినదే పెట్టడం, సవతి బిడ్డను పస్తు ఉంచడం వంటివి ఉన్న ఇల్లు. దీని గురించి 9వ మెట్టులో చెబుతాను.

6వ మెట్టు: ఈ రోజు ఆకలి ఈ రోజే తీర్చండి

దరఖాస్తులు నెలలు తీసుకుంటాయి, బిడ్డ కడుపు ఆగదు. కాని ఇచ్చే పద్ధతిలో బిడ్డను వేరు చేయకూడదు. నాకు తెలిసినంతలో నిలబడే పద్ధతి ఒక్కటే: ఉదయం ప్రార్థనకు ముందు ఎవరు వచ్చినా తీసుకోగలిగేలా అందరికీ తెరిచి ఉంచడం.

బడిలో జావ ఇవ్వని రోజుల్లో స్కూల్ కమిటీయో పూర్వ విద్యార్థులో దాన్ని చేయించవచ్చు. 20 మంది పిల్లలకు 600 గ్రాముల రాగి పిండి, 400 గ్రాముల బెల్లం, నాలుగున్నర లీటర్ల నీళ్లు సరిపోతాయి. పిండిని ముందు చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మరుగుతున్న నీళ్లలో పోసి, పచ్చి వాసన పోయేదాకా పది నిమిషాలు కలుపుతూ ఉడికించాలి. దానితో ఒక్కొక్కరికి 30 గ్రాముల వేయించిన చెనక్కాయ గింజలు ఇస్తే ఆ పూట సుమారు 350 కిలో క్యాలరీలు అందుతాయి. జావ ఒక్కటే చాలదు, మాంసకృత్తులు గింజల నుంచే వస్తాయి. జావను పిల్లలకు పోసే ముందు ఒక పెద్ద మనిషి తాగి చూడాలి, మిగిలినదాన్ని సాయంత్రానికి దాచకూడదు. ఐదేళ్ల లోపు పిల్లలకు గింజలు గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది కాబట్టి పొడి చేసి బెల్లంతో కలిపి ఇవ్వండి. చెనక్కాయలు పడని బిడ్డ ఎవరైనా ఉన్నారేమో తల్లులను ముందే అడగండి. వారికి వేయించిన శనగపప్పు ఇవ్వవచ్చు.

వండే వీలు లేని చోట రెండు అరటిపండ్లు, ఒక గుప్పెడు గింజలు, బెల్లం ముక్క చాలు. బిస్కెట్ ప్యాకెట్టు పంచడం సులభం, కాని గంటలో మళ్లీ ఆకలి వేస్తుంది.

బిడ్డ స్పృహలో ఉండి కళ్లు తిరిగి కూర్చుండిపోతే బెల్లం నీళ్లో చక్కెర నీళ్లో నెమ్మదిగా తాగించి, పావుగంట తరువాత తిండి పెట్టండి. స్పృహ లేని బిడ్డ నోట్లో ఏమీ పోయకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి. వారం పది రోజులుగా సరిగా తినని బిడ్డకు ఒకేసారి కడుపు నిండా పెట్టకూడదు. కొద్దికొద్దిగా పెడుతూ వైద్యునికి చూపించాలి. బడిలో ఇచ్చే ఐరన్ మాత్రను పరగడుపున మింగిస్తే వాంతి అవుతుంది, భోజనం తరువాతే ఇవ్వండి.

7వ మెట్టు: కుటుంబానికి హక్కుగా రావలసినవి రప్పించండి

దాతలు అలసిపోతారు, ఊరు మారతారు. రేషన్ కార్డు నిలబడుతుంది. అందుకే నేను ఎక్కువ శ్రమ ఇక్కడ పెట్టమంటాను.

మొదట బియ్యం కార్డు. కార్డు లేకపోతే సచివాలయంలో దరఖాస్తు చేయించండి. కార్డు ఉండి బియ్యం రాకపోతే కారణం సాధారణంగా మూడింటిలో ఒకటి: బిడ్డ పేరు చేర్చలేదు, ఈ-కేవైసీ కాలేదు, లేదా కార్డు సొంత ఊళ్లో ఉంది. మూడోదానికి ఊరు మార్చుకోనక్కర లేదు, రాష్ట్రంలో ఏ రేషన్ షాపులోనైనా తీసుకోవచ్చు. తిరుపతిలో అద్దెకు ఉండే చాలామందికి ఈ సంగతి తెలియక నెల నెలా ఊరికి బస్సు చార్జీలు పెట్టుకుంటారు, లేదా వదిలేస్తారు. డీలరు కాదంటే 1967కు ఫోను చేయండి. మరీ నిరుపేద కుటుంబమైతే నెలకు 35 కిలోలు వచ్చే అంత్యోదయ కార్డుకు అర్హత ఉందేమో అడగండి. గూడూరు, నాయుడుపేట, శ్రీకాళహస్తి, సత్యవేడు వైపు యానాది గిరిజన కుటుంబాలకు ఆధార్ లేకపోవడమే అసలు అడ్డంకిగా ఉంటుంది. అక్కడ మొదటి పని ఆధార్ నమోదు, దానికి బడి రికార్డు ఉపయోగపడుతుంది.

తల్లి వితంతువైతే నెలకు 4,000 రూపాయల పింఛను వస్తోందా చూడండి. తండ్రి లేని, తల్లిదండ్రులిద్దరూ లేని, లేదా వారు ప్రాణాంతక జబ్బుతో ఉన్న పిల్లలకు కేంద్రం మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. కుటుంబ వార్షిక ఆదాయం పల్లెల్లో 72,000, పట్టణాల్లో 96,000 రూపాయలు మించకూడదు. దరఖాస్తు జిల్లా బాలల సంరక్షణ విభాగానికి ఇవ్వాలి. మంజూరు కావడానికి సమయం పడుతుందని, అందరికీ రాకపోవచ్చని తల్లికి ముందే చెప్పండి. ఆరేళ్ల లోపు తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉంటే అంగన్‌వాడీలో చేర్పించండి. పెద్ద బిడ్డ గుడ్డు దాచుకోవలసిన అవసరం దానితోనే సగం తీరుతుంది. అవ్వాతాతల దగ్గర పెరిగే బిడ్డకు సంక్షేమ హాస్టలు, గురుకులం, ఆడపిల్లకు కస్తూర్బా విద్యాలయం మంచి ఆలోచనే, కాని బిడ్డకూ ఇంటివారికీ ఇష్టమైతేనే. తల్లిదండ్రులు లేని పిల్లలకు తిరుపతిలో తి.తి.దే. నడిపే శ్రీవేంకటేశ్వర బాలమందిరం ఉంది.

పట్టణాల్లో అన్న క్యాంటీన్లలో పూటకు 5 రూపాయలకే టిఫిను, భోజనం దొరుకుతాయి. పనికి వెళ్లే తల్లి ఉదయం బిడ్డతో అక్కడ తినిపించవచ్చు. ఆదివారం అవి మూసి ఉంటాయని మాత్రం గుర్తుంచుకోండి. కాణిపాకం, శ్రీకాళహస్తి ఆలయాల్లో నిత్యాన్నదానం జరుగుతుంది. దగ్గర ఇళ్ల వారికి అది ఆసరాయే, కాని పెద్దలు తోడు లేకుండా పిల్లలను పంపకండి. యాత్రికుల మధ్య ఒంటరిగా తిరిగే బిడ్డ రెండు వారాల్లో చేయి చాపడం నేర్చుకుంటాడు, ఆ తరువాత బడికి తీసుకురావడం చాలా కష్టం.

బడి భోజనమే సరిగా లేకపోతే దాన్ని దయగా అడగనక్కర లేదు. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం 8వ తరగతి దాకా అది పిల్లల హక్కు, మన రాష్ట్రంలో 10వ తరగతి దాకా ఇస్తున్నారు. వడ్డించే ముందు ఉపాధ్యాయులు రుచి చూడాలి. 2015 మధ్యాహ్న భోజన నిబంధనల ప్రకారం పని దినాన భోజనం పెట్టకపోతే ఆ పిల్లలకు ఆహార భద్రత భత్యం ఇవ్వాలి. మండల విద్యాధికారి వినకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. తక్కువ ఫీజు ప్రైవేటు బడుల్లో ఈ భోజనం ఉండదు. అక్కడి పిల్లల ఆకలి ఎవరి లెక్కలోకీ రాదు, కాబట్టి ఆ బడుల ఉపాధ్యాయులు మొదటి మూడు మెట్లను మరింత శ్రద్ధగా చేయాలి.

8వ మెట్టు: సెలవులకు ముందే ఏర్పాటు చేయండి

దసరా, సంక్రాంతి, వేసవి సెలవులకు వారం ముందు మీ నోటు పుస్తకం తీయండి. నలుగురున్న కుటుంబానికి పది రోజులకు రేషన్ బియ్యానికి తోడుగా 3 కిలోల రాగి పిండి, 2 కిలోల కందిపప్పు, కిలో చెనక్కాయ గింజలు, కిలో బెల్లం, లీటరు నూనె ఇస్తే బాగా గడుస్తుంది. చీకటి పడ్డాక ఇంటికి చేర్చండి, బడి ముందు వరుసలో నిలబెట్టి కాదు. వండే మనిషి లేని ఇంటి పిల్లలకు ఈ మూట ఉపయోగపడదు. వీధిలో ఒక కుటుంబం మధ్యాహ్నం ఇద్దరు పిల్లలకు అన్నం పెట్టడానికి ఒప్పుకుంటే, వారికే సరుకులు ఇవ్వండి. కరువు మండలాల్లో వేసవి సెలవుల్లోనూ మధ్యాహ్న భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2016లో ఆదేశించింది. మీ మండలాన్ని కరువు మండలంగా ప్రకటించి ఉంటే స్కూల్ కమిటీ ఏప్రిల్‌లోనే రాతపూర్వకంగా అడగాలి.

9వ మెట్టు: మీ చేతుల్లో లేనిది గుర్తించండి

రెండు పాదాల్లో వాపు, జుట్టు రంగు మారి ఊడిపోవడం, కింది కనురెప్ప లోపల, అరచేతులు పాలిపోవడం, వేగంగా బరువు తగ్గడం కనబడితే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లండి. వారు పంపితే తిరుపతి రుయాకో చిత్తూరు ప్రభుత్వ ఆసుపత్రికో వెళ్లాలి. తల్లి ఒక్కతే వెళ్లలేకపోతే ఎవరో ఒకరు తోడు వెళ్లండి.

కావాలని పస్తు ఉంచుతున్నారని, కొడుతున్నారని తెలిస్తే 1098కి చెప్పండి. కాని పేదరికం నేరం కాదు. తిండి పెట్టలేకపోతున్న తల్లిని 1098 పేరు చెప్పి భయపెట్టడం క్రూరత్వం. ఆమె బిడ్డను బడి మాన్పించి ఊరు మారిపోతుంది. బిడ్డను సంస్థలో చేర్చడం చివరి మార్గంగానే ఉండాలని 2015 బాలల న్యాయ చట్టమే చెబుతుంది.

తరచుగా జరిగే పొరపాట్లు

అన్నింటికంటే ఎక్కువ నష్టం చేసేది ఫోటో. సరుకుల మూట పట్టుకున్న బిడ్డ ఫోటో గ్రామ వాట్సాప్ గ్రూపులో పడిన రోజు నుంచి ఆ ఇల్లు ఏ సాయమూ తీసుకోదు, తీసుకోవలసిన పక్క ఇల్లు కూడా తీసుకోదు. దాత ఫోటో అడిగితే బియ్యం మూటలు, బిల్లు ఫోటో తీసి ఇవ్వండి. అది చాలదనే దాత దగ్గర తీసుకోకండి.

ఒక బిడ్డకే పెట్టడం మరొక పొరపాటు. ఇంట్లో ముగ్గురు ఆకలితో ఉంటే మీరిచ్చినది మూడు భాగాలవుతుంది, బరువు పెరగలేదని మీరు ఆశ్చర్యపోతారు. "ఇంతమంది పిల్లలను ఎందుకు కన్నారు", "ఫోనుకు డబ్బులున్నాయి గాని పప్పుకు లేవా" వంటి మాటలు ఒక్కసారి నోరు జారినా ఆ ఇంటి తలుపు మీకు మళ్లీ తెరుచుకోదు. తల్లికి కూలి పని కబురు వచ్చేది ఆ ఫోనులోనే. పుట్టినరోజుకు ఒక పూట బిర్యానీ పంచేవారిని కాదనకండి, కాని అదే డబ్బుతో ఇరవై మందికి ఎన్ని ఉదయాలు జావ వస్తుందో లెక్క కట్టి చూపించండి, చాలామంది ఒప్పుకుంటారు.

ఫలితం ఎలా చూసుకోవాలి

నాలుగు వారాల తరువాత మళ్లీ నిన్నటి రోజు గురించి అవే ప్రశ్నలు అడగండి. దాటిపోయే పూటలు తగ్గాయా? సోమవారం హాజరు పెరిగిందా? పదకొండు గంటల కడుపు నొప్పి ఆగిందా? ఈ మూడూ బరువు కంటే ముందు మారతాయి. బరువును మూడు నెలల తరువాతే తీర్పుగా తీసుకోండి. తిండి అందుతున్నా బరువు కదలకపోతే వైద్య పరీక్ష చేయించాలి. ఏడాదికోసారి బడికి వచ్చే ఆరోగ్య బృందానికి ఆ బిడ్డ అడ్మిషన్ నంబరు ముందే రాసి ఇవ్వండి. ఫిబ్రవరి, ఆగస్టుల్లో నులిపురుగుల మాత్ర వేసుకున్నాడో లేదో కూడా చూడండి. ఏదీ మారకపోతే మీరు 5వ మెట్టులో కారణాన్ని తప్పుగా తేల్చి ఉంటారు, అక్కడికి తిరిగి వెళ్లండి.

గుడ్డు దాచుకునే బిడ్డ అక్కడే కూర్చుని తినడం మొదలుపెడితే ఇంట్లో చిన్నవారికి అందుతున్నట్టే. అప్పుడు కూడా నోటు పుస్తకంలో ఆ నంబరును కొట్టివేయకండి, నెలాఖరులో, సెలవుల తరువాత చూస్తూ ఉండండి.

5వ తరగతి పూర్తి చేసి వేరే బడికి మారే పిల్లలే ఎక్కువగా జారిపోతారు. వారి వివరాలను ఏప్రిల్‌లో కొత్త బడి ప్రధానోపాధ్యాయుల చేతికి నేరుగా ఇవ్వండి, ఎవరితోనూ పంపకండి. జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలోనే ఫోను చేసి, ఆ బిడ్డ చేరాడా, భోజనాల వరుసలో కనబడుతున్నాడా అని అడగండి. చేరలేదంటే ఆ సాయంత్రమే ఇంటికి వెళ్లండి.